ఎలివేటర్ అంటే లిఫ్టు కాదు

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకి మూడు దర్శనాలు రాసిపెట్టి ఉంటాయి. పిట్స్‌బర్గ్ వెంకన్న, న్యూయార్క్ లిబర్టీ బొమ్మ, నయాగరా. మా అమ్మానాన్నలకి మొదటి రెండూ మే నెలలోనే అయిపోయాయి. మూడోదానికి హోటళ్ళు వెతికితే జలపాతం పక్కన రాత్రికి మూడు వందల డాలర్లకి తక్కువ లేదు. దానిమీద రిసార్ట్ ఫీజట, ఆపైన పార్కింగు వేరేనట. అరగంట ఇవతల బఫెలోలో అదే గది సగం ధరకి దొరికింది. ఆ ఊరికి మేం వెళ్ళడానికి అసలు కారణం ఇంతే. ఆ తర్వాత పాత బిల్డింగుల లిస్టు రాసుకున్న మాట నిజమే కానీ, ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

మా ఆయనకి ఆఫీసులో రిలీజ్ ఉంది, రాలేదు. న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి ఏడు గంటలు నేనే డ్రైవింగ్. పులిహోర స్క్రాంటన్ దగ్గరే అయిపోయింది.

నయాగరా గురించి రాయను, అందరూ రాశారు. నీలం ప్లాస్టిక్ కోట్లేసుకున్నాం, తడిశాం, అమ్మ దణ్ణం పెట్టుకుంది. నాన్న పది నిమిషాలు రెయిలింగు పట్టుకుని చూసి, "బానే ఉంది. ధవళేశ్వరంలో గేట్లెత్తితే ఇంతకంటే ఎక్కువ పోతాయి" అన్నారు. అంత ఖర్చుపెట్టి తీసుకొస్తే ఇదా మాట అని నాకు ఒళ్ళు మండింది. రాత్రి గదిలో లెక్క చూశాను. వేసవి పగళ్ళలో నయాగరా మీంచి కనీసం లక్ష క్యూసెక్కులు వదలాలని 1950లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. మన ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే పది లక్షల దగ్గర. ఆయన మాటే నిజం. అది ఇంకా మండింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే డౌన్‌టౌన్‌లో ఎలికాట్ స్క్వేర్ బిల్డింగుకి తీసుకెళ్ళాను. 1896లో కట్టింది. లోపల పెద్ద హాలు, పైన గాజు కప్పు, కింద నేలంతా చిన్న చిన్న పాలరాతి ముక్కలు. మొత్తం రెండు కోట్ల ముప్పై లక్షల ముక్కలట. నేను కప్పుకేసి కెమెరా ఎత్తి నిలబడితే, అమ్మ నేలకేసి చూస్తూ, "ఏమండీ, స్వస్తిక్ గుర్తులు చూశారా!" అంది. నిజంగానే ఉన్నాయి. రకరకాల దేశాల్లో సూర్యుడికి వేసే గుర్తులు అందులో పొదిగారు, ఈ గుర్తు ఇక్కడి ఆదివాసులది. అమ్మకి ఆ వివరం అక్కర్లేదు. వీళ్ళెవరో ముగ్గు తెలిసినవాళ్ళని తేల్చేసి, ఆ గుర్తుల మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచింది. నాకు ఆ పొద్దుట పనికొచ్చిన ఫొటో అదొక్కటే, స్నీకర్ల మీద చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని నడుస్తున్న అమ్మ.

పక్కనే గ్యారంటీ బిల్డింగు. ఆర్కిటెక్టు లూయీ సలివన్ వాళ్ళది, అదీ 1896దే, పదమూడు అంతస్తులు. ఒళ్ళంతా ఎర్రమట్టి పలకల మీద ఆకులూ తీగలూ చెక్కినట్టుంటుంది. నాన్న ఫుట్‌పాత్ బెంచీ మీద కూర్చున్నారు. "ఇంకా ఎన్నున్నాయమ్మడూ?" అని అడిగారు. అక్కణ్ణుంచి సెనెకా స్ట్రీట్‌కి పోయాం. ఇంకో పెద్ద ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన లార్కిన్ కంపెనీ ఆఫీసు ఉండేది అక్కడే. 1906లో కట్టి 1950లో కూలగొట్టారు. ప్రహరీ గోడలో ఒక్క ఇటుకల దిమ్మ మిగిలింది. ఆ దిమ్మని నేను పది ఫొటోలు తీశాను. దీనికోసమా కారు ఇంత దూరం తిప్పావన్నట్టు ఇద్దరూ కార్లోంచే చూశారు. నేను వరంగల్లో చదివిన నాలుగేళ్ళూ అక్కడి పాత బట్టల మిల్లు ఆజంజాహిని ఒక్క ఫొటో తియ్యలేదు. ఇప్పుడు అదంతా ప్లాట్లు. ఇక్కడికొచ్చి ఎవరిదో ఇటుక దిమ్మని పదిసార్లు తీస్తున్నానెందుకో వాళ్ళకెలా చెప్పను?

మధ్యాహ్నం బోటు. బఫెలో నదిలో ధాన్యం ఎలివేటర్ల మధ్యకి గంటన్నర తిప్పి తెచ్చే బోటు అది. టికెట్టు మనిషికి ముప్పై డాలర్ల పైనే.

"ఎలివేటరంటే లిఫ్టే కదా. లిఫ్టు చూడ్డానికి ముప్పై డాలర్లా? రూపాయల్లో ఎంతో తెలుసా?" నాన్న అలవాటు ప్రకారం గుణించడం మొదలుపెట్టారు.

నాన్న ఎఫ్‌సీఐలో ముప్పై నాలుగేళ్ళు చేశారు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల గోదాముల్లోనే సర్వీసంతా. బస్తాలో గొట్టం గుచ్చి గింజలు తియ్యడం, తేమ చూడడం, స్టాకు లెక్క. మా ఇంట్లో బియ్యం కొన్నా ఆయన రెండు గింజలు కొరికి చూడందే డబ్బా ఎక్కేవి కావు. ఆయనకి ధాన్యం అంటే గోనెసంచి, హమాలీ, కొక్కెం. గొట్టాలూ బకెట్లూ కాదు.

బోటు కదిలిన కాసేపటికి గాలిలో ఒక వాసన తగిలింది. అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవరో పేలాలు వేయిస్తున్నారే" అంది. జనరల్ మిల్స్ ఫ్యాక్టరీ వాసన అది, అక్కడ పొద్దున్నే పాలల్లో వేసుకుతినే చీరియోస్ చేస్తారు. మా ఊరు చీరియోస్ వాసనేస్తుందని రాసిన టీషర్టులు ఈ ఊళ్ళో అమ్ముతారు కూడా.

నది వంపు తిరిగింది. రెండు వైపులా కాంక్రీటు గొట్టాలు వరసగా లేచాయి, ఒకదానికొకటి ఆనుకుని, పది పన్నెండు అంతస్తుల ఎత్తు, కిటికీ అన్నది లేకుండా. నా లెన్సులో ఒక్కటీ పూర్తిగా పట్టలేదు. మబ్బు పట్టి వెలుతురు కూడా చదునుగా ఉంది. ఎంత తీసినా బూడిదరంగు గోడే వస్తోంది. చిరాకేసి కెమెరా దించి పక్కకి చూస్తే నాన్న లేచి నిలబడి ఉన్నారు.

"ఇది గోదామా?"

"అవును నాన్నా."

"బస్తాల్లేకుండానా?"

నా నోట్సులో ఉన్నదంతా అప్పుడు ఆయనకి చెప్పాను. 1825లో న్యూయార్క్ వైపు పోయే ఈరీ కాలువ పూర్తయ్యాక అమెరికా మధ్య రాష్ట్రాల గోధుమలు సరస్సుల మీద ఓడల్లో ఇక్కడిదాకా వచ్చేవి. నయాగరా అడ్డం కాబట్టి ఓడ ముందుకి పోలేదు. ఇక్కడ దించి కాలువ పడవల్లోకి ఎక్కించాలి. మొదట్లో కూలీలు వీపుల మీద మోసేవాళ్ళు. 1842లో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి ఆవిరితో నడిచే ఎలివేటర్ పెట్టాడు. పట్టీకి వరసగా బకెట్లు కట్టి, ఆ గొట్టాన్ని ఓడ కడుపులోకి దించితే గింజలు తోడుకుని పైకెత్తి డబ్బాల్లో పోస్తుంది. ఎత్తేది కాబట్టి ఎలివేటర్. మొదట్లో చెక్కతో కట్టేవాళ్ళు, అవి తరచు తగలబడేవి. తర్వాత ఈ కాంక్రీటువి వచ్చాయి. మాకు కుడివైపున్న అమెరికన్ ఎలివేటర్ 1906ది. అచ్చుని జాకీలతో కొద్దికొద్దిగా పైకి జరుపుతూ రాత్రింబవళ్ళు ఆపకుండా కాంక్రీటు పోశారు. ఆపితే అతుకు పడుతుంది, అతుకులోంచి తేమ దిగుతుంది.

"తేమ" అనగానే నాన్న నాకేసి తిరిగారు. ఆ తర్వాత గైడు చెప్పేదంతా నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆయన అడిగేవి గైడుకి ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చింది. అడుగున ఉన్న గింజకి గాలెలా ఆడుతుంది? పురుగు పడితే మందెలా కొడతారు? స్టాకు తరుగు ఎంత రాసుకునేవాళ్ళు? గైడు కుర్రాడు మర్యాదగానే నవ్వాడు. తరుగు సంగతి అతనికి తెలియదు. "తరుగు తెలీకుండా గోదాము గురించేం చెప్తాడు" అన్నారు నాన్న, నేను మార్చలేదు.

బోటు చివర తిరిగిన చోట కాంక్రీట్ సెంట్రల్ అనే ఎలివేటర్ ఉంది. 1915, 1917ల మధ్య కట్టింది, పావు మైలు పొడుగు. 1966 నుంచి ఖాళీ. కప్పు మీద చెట్లు మొలిచాయి. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం తెరిచాక ఓడలు కెనడా వైపు కాలువలోంచి నయాగరాని చుట్టి నేరుగా సముద్రానికి పోయాయి, ఈ ఊళ్ళో ఆగే పని లేకుండా. జలపాతం అడ్డున్నంతకాలం ఊరు బతికింది. ఇప్పుడు మనలాంటివాళ్ళం జలపాతం కోసమే ఈ ఊరి పక్కనుంచి పోతాం, ఆగం.

తిరుగు దారిలో ఒక ఖాళీ స్థలం చూపించాడు గైడు. గ్రేట్ నార్తర్న్ అని 1897 నాటి ఇటుకల ఎలివేటర్ అక్కడుండేది, నయాగరా కరెంటుతో నడిచిన తొలి తరంది. 2021 డిసెంబరు గాలివానకి ఒక గోడ కూలింది. ఉంచాలని ఊళ్ళోవాళ్ళు కోర్టుకెక్కినా నిలవలేదు, తర్వాత పూర్తిగా పడగొట్టారు. నేను అంతకుముందే వచ్చుంటే చూసేదాన్ని.

బోటు దిగాక హోటల్‌కి పోదామంది అమ్మ. నాన్న ఒప్పుకోలేదు, రోడ్డు వైపు నుంచి కూడా చూడాలన్నారు. ఒహాయో స్ట్రీట్ పక్కన నది ఒడ్డున కారాపాను. అక్కడ ఒకాయన గేలం వేసుకుని కూర్చున్నాడు, డెబ్బై అయిదు పైబడే ఉంటాయి. నాన్న నేరుగా పోయి ఆయన పక్కన నిలబడ్డారు. ఆ గొట్టాలకేసి చెయ్యి చూపించి, "ఐ ఆల్సో, గోడౌన్. థర్టీ ఫోర్ ఇయర్స్" అన్నారు.

ఆ గేలం ఆయన తండ్రి అక్కడే స్కూపర్‌గా చేశాడట. బకెట్ల గొట్టం ఓడ మధ్యలో ఉన్న గింజల్ని తోడుతుంది కానీ మూలల్లోవి దానికి అందవు. ఓడ కడుపులోకి దిగి, తాళ్ళకి కట్టిన తలుపంత పారలతో గింజల్ని దాని దగ్గరికి తోసేవాళ్ళు స్కూపర్లు. ఎక్కువమంది ఐరిష్ వాళ్ళు, తండ్రి తర్వాత కొడుకు. దుమ్ముకి మూతికి గుడ్డ కట్టుకునేవాళ్ళట. తండ్రిని వాళ్ళమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు, వాకిట్లోనే బట్టలు దులుపుకోవాలనేదని చెప్పాడాయన. మా అమ్మ ఇది విని, "నేనూ అంతేగా" అంది. కారు దిగిందని నేను అప్పుడే చూశాను.

నాన్న తన వంతు అందుకున్నారు. మా హమాలీలు వంద కేజీల బస్తా వీపున వేసుకుని పలక మీద పైకెక్కేవారు, తర్వాతెప్పుడో యాభై కేజీలు చేశారు, అని వంగి నడిచి చూపించారు. వంద కేజీలంటే రెండు వందల ఇరవై పౌన్లని నేను మార్చాను. ఆయన గేలం కర్ర కింద పెట్టి, "నో వే" అని నవ్వాడు.

"ఏంటి, నమ్మట్లేదా?"

"ఆశ్చర్యపోతున్నాడు నాన్నా."

"కాదు, నమ్మట్లేదు. ఫొటో ఉందేమో చూడు."

నా దగ్గర నది ఒడ్డు గోడలవి రెండు వందల ఫొటోలున్నాయి. నాన్న పనిచేసిన గోదాముది ఒక్కటి లేదు.

వదలకుండా ఇంకో ప్రశ్న అడిగించారు. ఇక్కడి గోధుమలు ఇండియాకి వచ్చేవా అని. 1956 నుంచి పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద అక్కడి గోధుమలు ఓడల్లో మనకి వచ్చిన రోజులున్నాయి. నాన్న బళ్ళో చదివినప్పుడు మధ్యాహ్నం పెట్టిన ఉప్మా ఆ అమెరికా రవ్వదే. గింజలు చివరికి ఎక్కడికి పోతాయో తన తండ్రికి ఎవరూ చెప్పేవాళ్ళు కాదన్నాడు ఆ గేలం ఆయన. "ఉప్మాలో పురుగులుండేవి. ఏ ఏడు స్టాకో కనుక్కో" అన్నారు నాన్న నాతో. అది కూడా నేను మార్చలేదు.

సాయంత్రం ఈస్ట్ సైడ్‌లో సెంట్రల్ టెర్మినల్‌కి పోయాం. 1929లో తెరిచిన స్టేషను, పదిహేడు అంతస్తుల బురుజు, 1979 నుంచి రైళ్ళు ఆగవు. లోపలికి పోవడానికి లేదు. చుట్టూ ఖాళీ స్థలాలు, మనుషుల్లేరు, అమ్మకి టెన్షన్. కార్లోంచే నాలుగు ఫొటోలు తీశాను, ఒకదాంట్లో అద్దం మీది మరక పడింది.

హోటల్‌లో నాన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. రిటైరయిన గోదాము వాళ్ళ వాట్సాప్ గ్రూపుంది, అందులోకి ఒకే ఒక్క ఫొటో పంపారు. నయాగరాది కాదు. కాంక్రీట్ సెంట్రల్‌ది, తనే బోటులోంచి తీసింది, కాస్త వంకరగా. మన దగ్గర అప్పటికి తెల్లవారుజామై ఉంటుంది, అయినా వెంటనే ఒకరు జవాబిచ్చారు. "కెపాసిటీ ఎంత సార్?"

"ఎంతమ్మడూ?"

నలభై అయిదు లక్షల బుషెళ్ళు అన్నాను. గోధుమ బుషెల్ అంటే ఇరవై ఏడు కేజీల చిల్లర. హోటల్ వాళ్ళ నోట్‌ప్యాడ్ మీద గుణించుకున్నారు. లక్షా ఇరవై వేల టన్నులు పైచిలుకు. అయిదు వేల టన్నుల గోదాములు ఇరవై నాలుగు. ఒకసారి కొట్టేసి మళ్ళీ గుణించారు, అదే వచ్చింది. గ్రూపులో అంకె పెట్టి, కింద ఇంకో లైను టైపు చేశారు. "తరుగు వివరాలు తెలియలేదు."