లాన్‌లో పాచి, ఎత్తుపల్లాలు: రెండూ ఒకే పని

వానలు పట్టుకున్న కొద్ది వారాలకే ప్రహరీ పక్కన, మామిడి నీడన, ఏసీ పైపు నీళ్లు కారే చోట లాన్ మీద పాచి పరుచుకుంటుంది. గడ్డిని చంపేది పాచి కాదు. గడ్డి పలచబడి, మట్టి బిగిసి, నీళ్లు నిలిచిన చోటే అది చేరుతుంది. పల్లాలు సరిచేయకుండా పాచి ఒక్కటే గీకితే మరుసటి వానకు మళ్లీ పడుతుంది.

పెద్ద వాన వెలిసిన గంటకు చూసి, నీళ్లు ఇంకా నిలిచి ఉన్నచోటల్లా గుర్తుగా పుల్లలు గుచ్చండి. ఏసీ పైపును పక్కకు మళ్లించండి. వానాకాలంలో స్ప్రింక్లర్ టైమర్ ఆపేయండి.

పాచికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) బాగా పనిచేస్తుంది. 100 చదరపు అడుగులకు 200 గ్రాములు, 10 లీటర్ల నీళ్లలో కరిగించి, వాన తెరిపిచ్చిన రోజు సాయంత్రం మొక్కలకు నీళ్లు చల్లే జల్లుమూతి డబ్బాతో సమంగా పోయాలి. మోతాదు పెరిగితే గడ్డి కూడా మాడుతుంది. టైల్స్ మీద, గ్రానైట్ మీద చుక్క పడితే తుప్పు మరక వదలదు, వెంటనే కడగాలి. పాచి నల్లబడి ఎండాక పళ్లపారతో లాగేయండి. దానికి వేళ్లుండవు కాబట్టి తేలిగ్గా వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ గడ్డిని కాలుస్తుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వద్దే వద్దు, అందులోని రాగి మట్టిలోనే ఉండిపోతుంది. పాచి అంటే పులుపు నేల అనుకుని సున్నం చల్లేవాళ్లున్నారు. మట్టి పరీక్ష చేయించకుండా ఆ పని చేయకండి.

ఆ తర్వాత గార్డెన్ ఫోర్క్‌తో జానెడుకో రెండు చోట్ల, 3-4 అంగుళాల లోతున గుచ్చితే బిగిసిన నేలకు గాలి ఆడుతుంది.

చదును చేసే ముందు గుబ్బను అరచేత్తో నొక్కి చూడండి. స్పాంజిలా దిగితే అది మట్టి కాదు, కింద పేరుకున్న ఎండుగడ్డి. కొరియన్ గడ్డి ఇలాగే ఉబ్బుతుంది, దాన్ని దువ్వి పలచన చేస్తే చాలు. గట్టిగా తగిలితే గడ్డిని చాపలా కోసి మడిచి, కింద మట్టి తీసి, మళ్లీ పరిచి తొక్కాలి. అంగుళం దాటిన పల్లాలకూ ఇదే పద్ధతి, కాకపోతే మట్టి నింపాలి.

చిన్న పల్లాలకు పైపూత చాలు: రెండు పాళ్లు ఏటి ఇసుక, ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఒక్కసారికి అర అంగుళం మించకూడదు, గడ్డి కొనలు పైకి కనబడాలి. అంతకంటే మందంగా పోస్తే గడ్డి ఊపిరాడక కుళ్లుతుంది, ఆ ఖాళీలో మళ్లీ పాచే. 100 చదరపు అడుగులకు అర అంగుళమంటే నాలుగు ఘనపుటడుగులు, సుమారు మూడున్నర సిమెంటు సంచులు. రెండో పూత గడ్డి పైకి లేచాకే. తాపీమేస్త్రీల లెవెల్ పైపు పట్టి, ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు ఒకటి రెండు అంగుళాల వాలు ఉంచండి.

గడ్డి చురుగ్గా పెరిగే ఫిబ్రవరి-మార్చి ఈ చదును పనికి అనువు. తడినేల మీద రోలర్ తిప్పిస్తే గుబ్బ అణగడం కంటే మట్టి బిగియడమే ఎక్కువ, పాచికి కావలసిందీ అదే. గడ్డిని మరీ పొట్టిగా కోయకండి. నీడలో రెండంగుళాలు ఉండనివ్వండి. పట్టుమని మూడు గంటలైనా ఎండ తగలని మూలలో మాత్రం గడ్డి నిలబడదు, అక్కడ సందులు వదిలి తాండూరు బండలు పరచడం నయం.