రోన్ హిమానీనదం ఇప్పుడెక్కడుంది?

స్విట్జర్లాండ్‌లోని గ్లెచ్ అనే చిన్న ఊళ్ళో బస్సు దిగగానే నా కళ్ళు మంచు కోసమే వెతికాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో రోన్ హిమానీనదం, అంటే నెమ్మదిగా కిందికి జరిగే మంచు నది (గ్లేసియర్), ఎదుటి కొండ మీదుగా దిగి ఈ లోయ అడుగు దాకా పరుచుకుని ఉండేది. ఇప్పుడు అక్కడి పాత హోటలు ముందు నిలబడితే కనిపించేది మంచు రాపిడికి నున్నబడిన బూడిదరంగు బండ, దాని మీదుగా జారే నీరు మాత్రమే.

మంచును చూడాలంటే ఫుర్కా కనుమ దారిలో మలుపులు తిరుగుతూ దాదాపు 2,300 మీటర్ల ఎత్తుకు వెళ్ళాలి. అక్కడ టికెట్టు కొని కాలిబాటన నడిస్తే, ఏటా మంచును కొత్తగా తొలిచి చేసే గుహ వస్తుంది. అది వేసవికి కరిగిపోకుండా పైన మందపాటి తెల్లని గుడ్డలు కప్పుతారు. దగ్గరికెళ్ళి చూస్తే అవి మట్టికొట్టుకుపోయి, అంచుల్లో చిరిగి వేలాడుతున్నాయి. లోపలి నీలిరంగు గోడలో చిక్కుకున్న సన్నని గాలిబుడగలను చూస్తూ నిలబడితే, పైనుంచి కారే నీటితో భుజాలు తడిసిపోయాయి. ఆ గుడ్డలు ఎండను వెనక్కి కొట్టి కరుగుదలను సగానికి పైగా తగ్గిస్తాయన్నది నిజమే, కానీ అవి కాపాడుతున్నది గుహను, హిమానీనదాన్ని కాదు. అన్ని కిలోమీటర్ల మంచుకు ఎవరు దుప్పటి కప్పగలరు?

ఈ మంచును 1874 నుంచి దాదాపు నలభై ఏళ్ళు ఎంతో ఓపికగా కొలిచారు. రంగు వేసిన రాళ్ళను దానికి అడ్డంగా వరుసలు పేర్చి, అవి ఏటా ఎంత కిందికి జరిగాయో రాసుకున్నారు. ఆ మనుషుల శ్రద్ధ నన్ను కదిలించింది. నేటి లెక్కలు మాత్రం భయం పుట్టిస్తాయి: చలికాలపు మంచు తక్కువగా పడి, సహారా ఎడారి ధూళి పేరుకున్న మంచు ఎండను ఎక్కువగా పీల్చుకుని, ఎండ మండిపోయిన 2022లో స్విస్ హిమానీనదాలన్నీ కలిసి సుమారు 6 శాతం, 2023లో మరో 4 శాతం ఘనపరిమాణాన్ని కోల్పోయాయి. 1960 నుంచి 1990 దాకా ముప్ఫై ఏళ్ళలో పోయినంత మంచు ఈ రెండేళ్ళలోనే పోయింది.

గుహ దాటి చూస్తే, ఒకప్పుడు మంచు ఉన్న చోట ఇప్పుడు పాలరంగు నీళ్ళ సరస్సు ఉంది. రోన్ నది అక్కడి నుంచే జెనీవా సరస్సుకూ, ఫ్రాన్స్ మీదుగా మధ్యధరా సముద్రానికీ బయలుదేరుతుంది. వేడి ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి ఈ హిమానీనదంలో చాలా భాగం మిగలదనీ, వేడిని పెంచే వాయువుల ఉద్గారాలను త్వరగా తగ్గించగలిగితే ఎత్తయిన చోట్ల కొంతైనా నిలుస్తుందనీ శాస్త్రవేత్తల అంచనా.