అంత సులువుగా ద్వేషించగలమా

వంకాయ కూరంటే హేట్. మండే అంటే హేట్. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్ అంటే హేట్, మే నెల ఎండంటే హేట్, పక్క హీరో ఫ్యాన్స్ అంటే మరీ హేట్. బాలాజీ కాలనీలో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి, ఈ మాట ఎన్నిసార్లు వినబడుతుందో. అదే నిజమైతే తిరుపతిలో జనం ఒకరినొకరు ఎప్పుడో చంపుకుని ఉండాలి. హేట్ అన్నవాడే ఆకలేస్తే అదే వంకాయతో రెండు ముద్దలు ఎక్కువ లాగిస్తాడు. ఇదంతా చిరాకు. దానికో పెద్ద పేరు పెట్టుకుంటే కాస్త బరువొస్తుందని సరదా.

నోరు చూసి ద్వేషం కొలవలేం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని బూతులు తిడుతూ పోతారు. దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు వేషాలేసి తిట్టిందని కథ. తిట్లు తిన్న పెద్దాయన నవ్వుకుంటూ పక్కకి తప్పుకుంటాడు. కడుపులో ఏమీ లేకుండా అంతంత మాటలు ఎలా వస్తాయో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కోపం వేరు, ద్వేషం వేరు అని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. కోపం ఫలానా మనిషి మీద వస్తుంది, ద్వేషం ఒక వర్గం మొత్తం మీద కూడా ఉండొచ్చు. కోపానికి కాలమే మందు, ద్వేషానికి అదీ పనిచేయదు. కోపమొచ్చినవాడు ఎదుటివాడు బాధపడాలనుకుంటాడు, ద్వేషించేవాడు వాడసలు లేకుండా పోవాలనుకుంటాడు. అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఇంకోటి: కోపంలో ఉన్నవాడికి తనకూ బాధ ఉంటుందట, ద్వేషించేవాడికి ఉండదట.

ఇది నేను కళ్ళారా చూశాను. దామలచెరువు దగ్గర మా పెదనాయనకీ చిన్నాయనకీ మామిడితోపులు పక్కపక్కనే. ఎప్పుడో గట్టు జరిపారని గొడవైతే కోర్టుదాకా పోయి, చివరికి పెద్దమనుషులు కూచుని తీర్చేశారు కూడా, మాటలు మాత్రం మళ్ళీ కలవలేదు. పెదనాయన తమ్ముణ్ణి తిట్టగా నేను ఎన్నడూ వినలేదు. పేరెత్తడు, 'ఆ పక్కతోపోడు' అంటాడు. 2025లో తోతాపురి రేటు పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, మేం 4 కలుపుతాం అని ప్రభుత్వం చెప్పినా, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరిన సీజన్లో, తన కాయ లోడులోనే మెత్తబడి రసం కారుతుంటే ఆయన చక్రం పక్కన కూచుని బీడీ కాలుస్తూ వెనకాల నిలబడిన చిన్నాయన లోడునే చూస్తున్నాడు. ఎంత పోయింది పెదనాయనా అంటే, "నాది పోతే పోయిందిలే. వానిది గూడా పోయింది గదా" అన్నాడు. విందు భోజనం చేసి లేచినవాడంత నింపాదిగా.

తిరుమలలో బంగారు వాకిలి దగ్గర జయవిజయులుంటారు, తోపులాటలో ఎవరూ పట్టించుకోరు. శాపం తగిలినప్పుడు ఏడు జన్మలు భక్తులుగా పుడతారా, మూడు జన్మలు శత్రువులుగా పుడతారా అంటే, శత్రువులుగానే అన్నారట, స్వామిని త్వరగా చేరొచ్చని. లెక్క కరెక్టే. భక్తుడు మధ్యలో కునుకు తీస్తాడు, శత్రువు తీయడు. చిన్నాయన తోపులో ఏ చెట్టు ఎప్పుడు పూత పట్టిందో పెదనాయన్ని అడగండి, చెప్తాడు.

అన్నదమ్ముల మధ్య అయితే పోయేది కాయలే. కారంచేడులో 1985 జులై 16న చెరువు దగ్గర, తాగే నీళ్ళు పాడుచేస్తున్నారని దళితులు అడిగినందుకు అగ్రకులం వాళ్ళతో గొడవైంది. వట్టి కోపమైతే రాత్రికి చల్లారాలి. మర్నాడు వాళ్ళు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీల అట్రాసిటీ చట్టం వచ్చింది, నలుగురిలో కులం పేరెత్తి అవమానిస్తే కేసు పెట్టొచ్చు. అసలేమీ అననివాడి సంగతేంటి?

ఓ ఫ్రెండుతో కలిసి అద్దె ఇల్లు చూడ్డానికి పోయాను. ఓనరు మంచి మర్యాదస్తుడు. కూచోబెట్టి మజ్జిగ ఇప్పించాడు, ఉద్యోగం అడిగాడు, ఊరు అడిగాడు. "ఇంటిపేరేంది నాయనా?" అన్నాడు. మావాడు చెప్పాడు. ఇంకో రెండు మాటలు మాట్లాడి, "అరెరే, నిన్ననే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చిపోయినాడు, మర్చేపోయినా" అన్నాడు. ఉండబట్టలేక నేనే అడిగేశాను, మా కులం తెలిసి వద్దంటున్నారా అని. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, అట్ల అనొద్దు నాయనా, మాకు ఎవరి మీదా ద్వేషం లేదు" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు, అందుకే ఇంకేమనాలో తోచలేదు. మావాడు అప్పటికే బండి తీసి, భవానీ నగర్‌లో ఇంకో టులెట్ బోర్డు చూశాను పద అంటున్నాడు.