సంతకం ఏది బాబాయ్?

పదకొండు దాటింది, ఈయన గురక అందుకున్నారు, నాకు మాత్రం పొద్దుట్నుంచీ ఆ కార్టూనే కళ్ల ముందు ఆడుతోంది. మా బాబాయ్ సంగతి మీకు తెలిసిందేగా. ఇవాళ ఫ్యామిలీ గ్రూపులో ఒకటి పెట్టాడు. బొమ్మ భలే ఉంది, గీత చూస్తేనే చెయ్యి తిరిగిన మనిషిదని తెలుస్తోంది, కానీ కింద మూల సంతకం ఉండాల్సిన చోటు కత్తిరించేశారు. బుడగలో మాటలు చెరిపేసి కంప్యూటర్ అక్షరాలతో వేరేవి కొట్టారు, ఆ చెరపడమన్నా సరిగ్గా చెరిపారా అంటే అదీ లేదు, జూమ్ చేస్తే పాత అక్షరం తాలూకు ఒత్తొకటి తోకలా వేలాడుతోంది. గీసినాయన ఎవర్ని అన్నాడో ఏమో, వీళ్లు ఆయన చేత్తోనే ఇంకొకర్ని తిట్టించారు.

"సంతకం ఏది బాబాయ్?" అన్నా, అంతే. "సంతకంతో నీకేం పనే, విషయం చూడు" అన్నాడు. వెంటనే అన్నయ్య "నువ్వు వాళ్ల పార్టీ అని ఎప్పుడో తెలుసులే". నాదే పార్టీయో నాకే తెలీదు, వీడికెలా తెలిసిందో! ఆ తర్వాత ఒక్కరూ మాట్లాడితే ఒట్టు. పన్నెండింటికి పిన్ని మందారప్పువ్వుతో శుభోదయం చెప్పింది.

విషయం చూడాలట. బుడగ మార్చేశాక ఇంకెక్కడి విషయం? ఎమర్జెన్సీలో అబూ అబ్రహాం గీసింది చూసే ఉంటారు, 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని, సంతకం పెట్టిన కాగితం తలుపు సందులోంచి బయటికిస్తూ, ఆర్డినెన్సులు ఇంకేమైనా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటాడు. సెన్సారు ఉన్న రోజుల్లో అచ్చయింది అది. ఆ ఒక్క మాటా తీసేసి ఇంకోటి పెట్టండి, సబ్బు ప్రకటన అయిపోతుంది.

నాన్న ఉంటే బాబాయ్‌ని కడిగేసేవారు అనుకున్నా. తెనాలి ఇంట్లో పేపరు రాగానే ముందు ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’, తర్వాతే హెడ్డింగులు. ఆ తర్వాత నా ప్రాణానికి సంపాదకీయం. ఉచ్చారణ కోసమని గట్టిగా చదివించేవారు. 1984 ఆగస్టులో నేను ఐదో క్లాసు, ఎన్టీఆర్‌ని గవర్నరు దింపేసిన రోజులు, ఏ పేపరు తీసినా ‘అప్రజాస్వామికం’. నాకు ఆ ‘స్వామి’ దగ్గర నాలుక మడతపడేది, ‘అప్రజాసామికం’ అంటే మళ్లీ మొదట్నుంచి. పక్కింటి మామ్మ గోడ మీంచి "పిల్లని వదిలెయ్ నాయనా, సామి లేకపోతే ఏం పోయింది" అనేది. నెలకల్లా నాదెండ్ల దిగి ఎన్టీఆర్ మళ్లీ వచ్చేసరికి అందరూ స్వీట్లు పంచుకుంటున్నారు, నేను మాత్రం ఇక ఆ మాట చదవక్కర్లేదని సంబరపడ్డా.

ఈ టపా ఇక్కడితో ఆపేసి పడుకుందామనే అనుకున్నా. ఊరికే ఉండలేక అటక మీది నాన్న పుస్తకం దింపా, మైదాపిండి ఉడికించి కార్టూన్లు అంటించిన లాంగ్ నోట్‌బుక్. బొద్దింకలు తినగా మిగిలింది. చూస్తే ఏముంది, సగం కార్టూన్లకి సంతకం లేదు! గీతకి ఆనించి నీటుగా కత్తిరించబోయి మూలలు లేపేశారు. తేదీలూ లేవు. పైగా అన్నీ ఒకవైపే, గవర్నరు మీదా, నాదెండ్ల మీదా, ఢిల్లీ మీదా. ఎన్టీఆర్ కాషాయం మీదా తలపాగా మీదా ఆ రోజుల్లో తక్కువ బొమ్మలు వచ్చాయా, ఒక్కటీ లేదు. 1995 ఆగస్టు నుంచి పేజీలన్నీ ఖాళీ. మామా అల్లుళ్లలో ఎవరి మీది బొమ్మ అంటించాలో తేల్చుకోలేక మైదా ఉడికించడం మానేసినట్టున్నారు.

అయితే బాబాయ్‌కీ నాన్నకీ తేడా ఏంటి? బుడగైతే మార్చలేదు కదా అని సర్దిచెప్పుకున్నా. అంతలో అమ్మ మంచినీళ్లకి లేచొచ్చి, కళ్లజోడు లేకుండానే నాలుగు పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టింది. బుడగలో అచ్చు మాట కొట్టేసి పైన ఆకుపచ్చ ఇంకుతో నాన్న రాత. ఏం రాశారో ఇక్కడ రాయలేను. "అది బాబాయే చెప్పాడు, ఈయన రాశారు, ఇద్దరూ వసారాలో పడీ పడీ నవ్వారు" అంది అమ్మ.

అడుగుదామంటే పాత కార్టూనిస్టుల్లో శేఖర్ 2014లో పోయారు, మోహన్ 2017లో, శ్రీధర్ 2021లో ఈనాడు నుంచి వచ్చేశారు. బాబాయ్ పంపిన బొమ్మ ఎవరిదో ఇప్పటికీ అర్థం కావట్లేదు, ఆ ‘ర’ తలకట్టు ఎక్కడో చూసినట్టుంది.

అన్నట్టు గోంగూర పచ్చడి కుదిరింది ఇవాళ.

11:40కి బాబాయ్ మళ్లీ ఏదో పెట్టాడు. ఇంకా తెరవలేదు.