పాజిటివ్ అని అరిచారు

నాకు మూడో నెల. పుట్టిల్లు పాతపట్నం, అత్తవారిల్లు నది దాటితే పర్లాకిమిడి. ఆశా దీదీ వెంట వెళ్ళి కార్డు రాయించుకున్నాను. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ఆ తర్వాత ప్రైవేటు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో రూబెల్లా పరీక్ష ఉంది. రూబెల్లా అంటే తట్టులాగే ఒంటి మీద దద్దుర్లు వచ్చే వైరస్ జబ్బు. దానికే నా ప్రాణం పోయినంత పనైంది.

మర్నాడు రిపోర్టు కోసం వెళితే ల్యాబ్ కౌంటరులోని మనిషి నా పేరు పిలిచి, హాలంతా వినబడేలా "రూబెల్లా పాజిటివ్" అని అరిచాడు. పక్కన కూర్చున్న నిండు గర్భిణి తన సంచీ తీసుకుని బల్ల చివరికి జరిగింది. అత్తయ్య నా మణికట్టు వదిలేశారు. అతను అంతటితో ఆగలేదు. బిడ్డకు కళ్ళు రావని, ఇప్పుడే ఏదో ఒకటి తేల్చుకోమని సలహా కూడా ఇచ్చాడు. రక్తం తీసే చోట పనిచేస్తే డాక్టరు అయిపోతారా?

ఇంటికి రాగానే "చిన్నప్పుడు తట్టు పోసిందా? మీవాళ్ళు మా దగ్గర దాచారా?" అని అత్తయ్య నిలదీశారు. రాత్రంతా ఫోను పట్టుకుని చదివాను. తల్లికి తొలి నెలల్లో రూబెల్లా సోకితే బిడ్డకు పుట్టుకతోనే కంటి శుక్లాలు రావచ్చని 1941లో నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు కనిపెట్టారట. గుండె జబ్బు, చెవుడు కూడా రావచ్చట. ఇక నిద్ర ఎక్కడిది?

పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ పెన్నుతో రెండు వరుసలు చూపించారు. రెండూ రక్తంలో ఆ వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీల లెక్కలే. ఐజీఎం నెగటివ్, అంటే ఇప్పుడు జబ్బు సోకిన గుర్తు లేదు. ఐజీజీ 86, అంటే ఎప్పుడో వచ్చిన జబ్బు వల్లో, టీకా వల్లో మిగిలిన రక్షణ. పది దాటితే రక్షణ ఉన్నట్టే. "టీకా వేయించుకున్నావా?" అని అడిగారు.

అప్పుడు నా ఎడమ బొటనవేలు గుర్తొచ్చింది. 2017 ఆగస్టు, తొమ్మిదో తరగతి. ఆంధ్రాలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ తట్టు, రూబెల్లా టీకా వేశారు. బడిలో సూది పొడిచి, ఆ గోరు మీద సిరా గుర్తు పెట్టారు. ఆ సూది వేయించుకుంటే పిల్లలు పుట్టరని మా వీధిలో ఒకావిడ భయపెడితే గోడ దూకి పారిపోబోయాను. పీటీ మాస్టారు జడ పట్టుకుని లాక్కొచ్చారు. ఆయనకు వెయ్యి దండాలు.

రిపోర్టు చేతికిచ్చేవాళ్ళను అర్థం అడగకండి. పాజిటివ్ అంటే ఐజీజీయా, ఐజీఎమ్మా అని మీరే చూసుకోండి. అసలు ఈ పరీక్ష గర్భం రాకముందే చేయించుకోవాలి. రూబెల్లా టీకా బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు వేయరు. అప్పటికి రక్షణ లేదని తేలినా కాన్పు దాకా ఆగాల్సిందే.

మా తోడికోడలికి అప్పటికే వయసు దాటిపోవడంతో ఆ టీకా అందలేదు. రెండో బిడ్డ ఆలోచనలో ఉంది కాబట్టి నేనే పట్టుబట్టి పరీక్ష చేయించాను. ఐజీజీ నెగటివ్ వచ్చింది, అంటే రక్షణ లేదు. పోయిన వారమే సూది వేయించుకుంది. కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోమన్నారు. అత్తయ్య కేలండరులో ఆ తేదీకి పసుపు బొట్టు పెట్టారు. నన్ను అన్న మాటకు మాత్రం ఇంతవరకూ పొరపాటు అనలేదు.