నాలుగో అంచెలో ఒక సీజన్: కార్లైల్ యునైటెడ్‌తో నా అనుభవం

ఫుట్‌బాల్ క్లబ్బుని మేనేజరుగా నడిపే కంప్యూటర్ ఆట ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా మాంచెస్టర్ యునైటెడ్‌నో ఆర్సెనల్‌నో పట్టుకుంటారు. నేను కార్లైల్ యునైటెడ్‌ని తీసుకున్నా. ఇంగ్లండ్‌లో ఉత్తరపు కొసన, స్కాట్లండ్ సరిహద్దు పక్కన ఉండే ఊరది. ఆ క్లబ్బు ఆడే లీగ్‌ని అప్పట్లో థర్డ్ డివిజన్ అనేవాళ్లుగానీ లెక్కకు అది నాలుగో అంచె. అక్కణ్ణుంచి జారితే ఫుట్‌బాల్ లీగ్‌లోంచే బయటికి పోవాలి.

ఆ క్లబ్బే ఎందుకంటే జిమ్మీ గ్లాస్ కోసం. 1999 మే 8న సీజన్ ఆఖరి మ్యాచ్, ప్లిమత్‌తో 1-1. డ్రా అయితే కార్లైల్ పని అయిపోయినట్టే. ఇంజురీ టైమ్‌లో, అంటే చివర్లో కలిపే అదనపు నిమిషాల్లో, కార్నర్ కిక్ దొరికింది. స్విండన్ క్లబ్బు నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా వచ్చిన ఈ గోల్‌కీపర్ తన చోటు వదిలేసి అవతలి కొసకి పరుగెత్తుకెళ్లి గోల్ కొట్టాడు. కార్లైల్ నిలబడింది, స్కార్‌బరో కిందికి పోయింది. ఇదే క్లబ్బు 1974లో టాప్ డివిజన్‌కి ఎక్కి, మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచి పట్టికలో అందరికంటే పైన నిలబడింది. అదే సీజన్ చివరికి అట్టడుగున తేలింది. ఇన్ని చూసిన క్లబ్బుని ఒక్క ఏడాదైనా నేను నడపాలని ఎప్పట్నుంచో కోరిక.

ఆట 2001లో వచ్చింది, స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ వాళ్లు తయారుచేశారు. 2008 చివర్లో ఉచితంగా వదిలారు. నెల్లూరులో మా రొయ్యల మేత కొట్టులో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తుంది. ఏటేటా కొత్త ఆటగాళ్లని చేర్చిపెట్టే అభిమానులున్నారు. నాకు మాత్రం ఆనాటి కార్లైలే కావాలి కాబట్టి పాత జాబితాతోనే మొదలుపెట్టా.

బోర్డు చేతిలో పెట్టిన డబ్బుతో ఎవర్నీ కొనలేం. అందుకని మొదటి వారాలన్నీ వెదుకులాటే. ఫ్రీ ట్రాన్స్‌ఫర్‌లో, అంటే పాత క్లబ్బుకి డబ్బు కట్టక్కర్లేకుండా దొరికేవాళ్లు, పెద్ద క్లబ్బులు లోన్‌కి ఇచ్చే కుర్రాళ్లు, ఈ రెండు జాబితాలూ పైనుంచి కిందిదాకా చదివా. పరిచయంలేని ఆటగాడి అంకెలు ఈ ఆటలో పూర్తిగా కనపడవు, చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి. అప్పుడు నేను చూసేది పాత సీజన్ల చరిత్ర: ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, సగటు రేటింగ్ ఎంత. ఏటా నలభైకి తగ్గకుండా ఆడినవాడంటే వాడికి దెబ్బలు తక్కువ, మేనేజర్లకి నమ్మకం ఎక్కువ. ఈ అంచెలో టెక్నిక్ కోసం తిరగడం దండగ అని నా గట్టి అభిప్రాయం. గోల్ ముందు కాపలా ఉండే సెంటర్ బ్యాక్‌కి హెడింగ్, జంపింగ్ ఉండాలి. మిడ్‌ఫీల్డ్‌లో వర్క్ రేట్, స్టామినా. ముందు ఆడే ఇద్దరిలో ఒకడికి వేగం. అంతే. అలా పట్టుకొచ్చిన ముప్పై నాలుగేళ్ల సెంటర్ బ్యాక్‌ని మరే క్లబ్బూ అడగలేదు. కెప్టెన్సీ వాడికే ఇచ్చా.

మొత్తం 24 జట్లు, 46 మ్యాచ్‌లు. శనివారం ఒకటి, చాలాసార్లు మంగళవారం ఇంకొకటి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. మ్యాచ్ మ్యాచ్‌కీ ఒక్కొక్కడి కండిషన్ శాతం చూసుకోవాలి. చెరువు కాడ చెక్‌ట్రే ఎత్తి మేత మిగిలిందా లేదా చూసి రేపటి మేత తేల్చుకున్నట్టే ఇది కూడా. అలిసినవాణ్ణి బలవంతాన దింపితే ఆ మ్యాచ్ దక్కొచ్చుగానీ, తర్వాతి నెల అంతా వాడు లేకుండానే నెట్టుకురావాలి. అందుకే పదకొండు మంది మంచివాళ్లకంటే ఇరవై మంది ఓపిక ఉన్నవాళ్లు మేలంటాను.

ఫిబ్రవరిలో హల్ సిటీతో మ్యాచ్ జరుగుతుండగా మా తమ్ముడు వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏందన్నా, బొమ్మే లేదే! దీన్ని ఎట్లా చూస్తా ఉండావు?" అన్నాడు. "ఉండబ్బా, ఆ లైను చదువు" అన్నా. ఈ ఆటలో మైదానం కనపడదు. స్క్రీన్ మీద ఒక్కో వాక్యం వచ్చి పోతుంటుంది. 88వ నిమిషం, 0-0, మాకు కార్నర్. బంతి లోపలికి వేశాడని ఒక వాక్యం. మా ముసలి కెప్టెన్ ఎగిరాడని ఇంకోటి. ఆ తర్వాత క్షణం ఏమీ రాలేదు. ఉన్నట్టుండి అక్షరాలు మిలమిలా కొట్టుకోవడం మొదలెట్టాయి, గోల్! తమ్ముడు నాకంటే ముందు అరిచాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆఖరి విజిల్ దాకా కదల్లేదు. ఇప్పటి ఆటల్లో బొమ్మలు ఎంత బాగున్నా, ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీ ఇచ్చే గుండెదడ నాకు వాటిల్లో దొరకలేదు.

కార్లైల్ సొంత మైదానం పేరు బ్రంటన్ పార్క్. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపానుకి అది మొత్తం నీళ్లలో మునిగింది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు కాడ రైలుకట్ట కోసుకుపోయిన ఊరివాణ్ణి కాబట్టి, ఆ ఫోటోలు చూశాక ఆ క్లబ్బు మీద అభిమానం ఇంకా పెరిగింది.

ఆ కాలంలో మార్చి నెలాఖరు దాకా ఆటగాళ్లని మార్చుకోవచ్చు. గడువు ముగిసేలోపు ఒక లెఫ్ట్ బ్యాక్‌ని లోన్‌కి తెచ్చా, అతనితో డిఫెన్స్ గట్టిపడింది. మొదటి మూడు జట్లు నేరుగా పైకి వెళతాయి, నాలుగు నుంచి ఏడు దాకా మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్ ఆడతాయి. ఆఖరి రోజుకి మేం ఎనిమిదో స్థానంలో ఉన్నాం. గెలిస్తే ఏడు. రష్డెన్ జట్టుతో మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోయింది. బాధ పడ్డా, చాలాసేపు పట్టిక మూయలేదు. బోర్డు మాత్రం సంతృప్తిగా ఉందన్న సందేశం వచ్చింది, అది వాళ్లు నిజంగా అనాల్సిన మాటే.

ఆటలో ఇప్పుడు జూన్ నడుస్తోంది. తొమ్మిది మంది కాంట్రాక్టులు అయిపోవస్తున్నాయి. కెప్టెన్‌కి జీతం ఏమీ తగ్గించకుండా ఇంకో ఏడాది ఇచ్చా, సంతకం పెట్టాడు. వేగమున్న ఫార్వర్డ్ ఒకడు ఫ్రీ జాబితాలో కనపడ్డాడు, వాణ్ణి చూసి రమ్మని స్కౌట్‌ని పంపించా.