వీటీ ముందు తల ఎత్తి

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారకముందే ముంబైలో దింపేసింది. స్టేషన్ పేరు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన బాబాయికి మాత్రం అది ఇప్పటికీ పాత విక్టోరియా టెర్మినస్, అంటే వీటీయే. ఇక్కడ ఇరవైసార్లయినా దిగి ఉంటాను. ప్రతిసారీ ఒక చేతిలో సంచి, రెండో చెయ్యి జేబు మీద. భవనాన్ని చూసిన పాపాన పోలేదు. ఈసారి పనిగట్టుకుని అందుకే వచ్చాను, అదీ రద్దీ తక్కువని ఆదివారం చూసుకుని.

"నలభై ఏళ్లు ఇక్కడే లోకల్ దిగాను. తల ఎత్తి చూస్తే వెనకవాళ్లు తోసేసేవాళ్లురా" అన్నాడు బాబాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి వర్లీ మిల్లులో మగ్గం నడిపినవాడు. 1982 సమ్మెతో ఆ పని పోయాక ఇక్కడి ఫోర్ట్ ప్రాంతంలో గుమాస్తాగా చేరాడు. అప్పటినుంచి రోజూ కుర్లా నుంచి వీటీకి రావడం, పోవడం.

ఎదుటి ఫుట్‌పాత్ మీద చాయ్ తాగుతూ వెలుతురు కోసం చూశాం. ఎండ ముందుగా గోపురం మీది స్త్రీమూర్తికి తగిలింది. ఎత్తిన కుడిచేతిలో దివిటీ, ఎడమచేతి దగ్గర బండిచక్రం. ఆమె పేరు 'ప్రగతి'. కింద గేటు దిమ్మెల మీద ఒకవైపు సింహం, మరోవైపు పులి. సింహం బ్రిటన్‌కు, పులి భారతదేశానికి గుర్తు. రెండు దిమ్మెలూ ఒకే ఎత్తు. పాలనలో ఆ సమానత్వం ఎక్కడుందో మరి!

1878లో ఫ్రెడరిక్ విలియమ్ స్టీవెన్స్ గీసిన నమూనాతో పని మొదలైంది. పూర్తి కావడానికి పదేళ్లు పట్టింది. 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండాయని ఆమె పేరు పెట్టారు. గోడల మీది ఆకులు, తీగలు, పక్షులు, జంతువుల చెక్కడంలో మాత్రం ఇక్కడి జేజే చిత్రకళా కళాశాల విద్యార్థుల చెయ్యి ఉంది. అవి చూద్దామంటే అంతా నీడే. భవనం ముఖం పడమటికి! సాయంత్రం మళ్లీ రావాలనుకుని నడక మొదలుపెట్టాం.

దాదాభాయ్ నౌరోజీ రోడ్డులో భవనాల కిందనే కమానుల నీడలో నడిచిపోవచ్చు. ఎండావానా ఎరిగినవాడెవడో గీసిన వీధి. ఫ్లోరా ఫౌంటెన్ దాటి హైకోర్టు దగ్గరికి చేరితే ఆదివారం కాబట్టి గేటు మూసి ఉంది. లోపల ఒక స్తంభం మీద, ఒక కంటికి గంత కట్టుకుని వంకర తక్కెడ పట్టుకున్న కోతి న్యాయమూర్తి ఉంటుందని విన్నాను. చూడలేకపోయినందుకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంది.

ఓవల్ మైదానంలో ఒకేసారి పది క్రికెట్ ఆటలు నడుస్తున్నాయి. ఎవరి బంతి ఎవరిదో దేవుడికే ఎరుక. తూర్పున విక్టోరియా కాలపు గోథిక్ శైలి శిఖరాలు, పడమట 1930ల నాటి ఆర్ట్ డెకో శైలి మేడలు. ఈ రెండు వరుసలనూ కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నా చూపు మాత్రం 280 అడుగుల రాజాబాయి గడియార స్తంభాన్ని దాటలేదు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయినప్పుడు బొంబాయిలో డబ్బు వరదలా పారింది. పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆ వరదలో తేలి, యుద్ధం ముగిశాక అందులోనే మునిగాడు. ఆయన ఇచ్చిన డబ్బుతో లేచిన ఈ స్తంభానికి తల్లి రాజాబాయి పేరు మిగిలింది. చూపులేని ఆ జైన తల్లి పొద్దుగుంకకముందే భోజనం ముగించాలి కదా, అందుకే ఈ గంటలని ఊళ్లో చెప్పుకుంటారు. నమూనా గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఈ దేశంలో అడుగే పెట్టలేదు. రాయి మాత్రం కుర్లాది.

"మా కుర్లా రాయా?" బాబాయి ముఖం వెలిగింది. కాసేపటికి తనే అన్నాడు: "మోసింది ఎవరనుకున్నావు? ఈ ఊళ్లో కట్టుబడి పనులకు మనవైపు నుంచి వచ్చిన కామాఠీలు ఎంతమందో. కామాఠీపురా పేటకు ఆ పేరు వాళ్లదే. ఇప్పుడా పేరు చెబితే జనం ఇంకేదో అనుకుంటారు."

సాయంత్రం అయిదున్నరకు వీటీ రాయి తేనెరంగులోకి తిరిగింది. పొద్దున కనిపించనివన్నీ ఒక్కొక్కటే గోడలోంచి బయటికొచ్చాయి. పింఛం విప్పిన నెమలి దొరికింది. దాని ఈకల గాడుల్లో నీడలు ఎంత సన్నగా పడ్డాయంటే ఉలి నిన్ననే ఆగినట్టుంది. పైన నిజం పావురం ఒకటి రెట్ట వేసి ఎగిరిపోయింది.

నా బండి రాత్రి పదికి కాస్త ముందు. సంచి నా చేతికిచ్చి బాబాయి రెండు చేతులూ నడుముకు ఆనించి, మెడ వెనక్కి వంచి, చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో తోసుకుంటూ పోయారు. ఆయన కదల్లేదు.